చూపురాయి

తెల్లమెట్ట మీద మట్టి లేదు. వానలు తినగా తినగా సున్నపురాయి కత్తుల్లా తేలింది. ఎక్కడ అడుగు వేసినా కింద బోలుగా మోగుతుంది. ఎంత వాన కురిసినా పైన చుక్క నిలవదు. పగుళ్ళలోంచి లోపలికి జారిపోయి, ఎక్కడో అడుగున డ్యాం నీళ్ళలో కలుస్తుంది. చెట్టు లేదు, నీడ లేదు. మేకలు కూడా సగంలోనే వెనక్కి తిరుగుతాయి. నూకరత్నం మాత్రం ఆరేళ్ళుగా రోజూ తెలతెలవారుతుండగా దాన్ని ఎక్కుతోంది.

చెప్పుల అడుగుకి టైరు ముక్కలు కుట్టించుకుంది. ఏ పగులు దగ్గర చెయ్యి ఆనించాలో చేతికి తెలుసు. కొండ నడుం దగ్గర ఒక బిలం ఉంటుంది, దాన్లోంచి వచ్చే చల్లగాలి కాళ్ళకి తగిలిందంటే ఎడమకి తిరగాలి. అక్కణ్ణించి కొండ వెన్ను మొదలవుతుంది. రెండు పక్కలా లోతు, కుడివైపు కొండ కిందంతా డ్యాం నీళ్ళు. వెన్ను చివర ఒక బండ నీళ్ళ వైపుకి ముక్కులా పొడుచుకు వచ్చి ఉంటుంది. దాన్ని చూపురాయి అంటారు.

కింద ఐదు పడవలు. దిగువ కోనసీమ నుంచి వచ్చి డ్యాం గట్టున గుడిసెలు వేసుకున్న ఐదు కుటుంబాలవి. చేపల మంద మేతకి పైకి లేచేది సూర్యుడు ఎక్కకముందు ఒక్క గంట. పడవలో కూర్చున్నవాడికి నీళ్ళన్నీ ఒకటే రంగు. చూపురాయి మీంచి చూస్తే, బొచ్చెలు గుంపుకట్టిన చోట నీరు కందినట్టు కనిపిస్తుంది. డ్యాం కట్టినప్పుడు మునిగిపోయిన జీడితోట మోళ్ళు కూడా పైనుంచే కనిపిస్తాయి, నీటి అడుగున నల్లటి చుక్కల్లా. మంద ఉండాలి, మోళ్ళు ఉండకూడదు. అలాంటి చోటికి పడవల్ని నడిపించడం నూకరత్నం పని.

తుండుగుడ్డ కుడివైపు చాపితే పడవలు కుడికి పోతాయి. ఎడమకి చాపితే ఎడమకి. రెండు చేతులూ పైకెత్తితే వల వేసేస్తారు. కింద కూర్చుంటే ఆగిపోతారు. ఫోను పనిచేసేది కొండకి అవతల, రోడ్డు వైపే. నీళ్ళ మీద పనిచేయదు. అందుకని ఆరేళ్ళుగా మాటలన్నీ ఆ చేతులతోనే. పైమాటకి ఎదురు అడగకూడదని పడవలవాళ్ళ కట్టుబాటు. అడుగుతూ కూర్చుంటే మంద మునిగిపోతుంది.

ఆ ఉదయం రెండు వలలు వేయించి, ఐదు పడవలూ గట్టుకి మళ్ళేదాకా చూసి, అప్పుడు దిగింది. పడవ కనబడుతున్నంతసేపూ ఆమె వీపు తిప్పదు. భర్త ఆఖరిసారి నీళ్ళ మీదకి వెళ్ళిన పూట ఆమె గట్టు మీద వీపు తిప్పుకుని గిన్నెలు తోముకుంటూ ఉంది.

కొండ మొదట్లో పదిరోజుల నుంచి ఇనపగేటు పెడుతున్నారు. పక్కన గుడారాలు, రంగు కుర్చీలు, ‘తెల్లమెట్ట ట్రెక్కింగ్ క్యాంప్’ అని బోర్డు. గేటుకి కొత్త తాళం వేలాడుతోంది. క్యాంపు మేనేజరు ఉదయభాస్కర్ చేతిలో కాఫీ కప్పుతో ఎదురొచ్చాడు.

“పెద్దమ్మా, ఒక్క నిమిషం. రోజూ పొద్దున్నే పైకెళ్ళేది మీరేనా?”

“ఆయ్.”

“రేపట్నుంచి మాకు సన్‌రైజ్ బ్యాచ్ ఉందండి. రాజమండ్రి నుంచి గెస్టులు వస్తున్నారు. ఎనిమిదింటి వరకూ పైన వాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. ఎనిమిది దాటాక మీ ఇష్టం, సాయంత్రం దాకా కూర్చోండి.”

“ఎనిమిదింటికి ఏం కనపడుద్ది బాబూ? నీళ్ళన్నీ అద్దంలా మెరిసిపోతాయి.”

“అదే కదా పెద్దమ్మా అందం.”

“అందం కాదండి, మాకు చేప కావాలి.”

అతను నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. “నిన్న డ్రోన్ వీడియో తీయించాను. కొండ బావుంది, నీళ్ళు బావున్నాయి, మధ్యలో మీరు తుండుగుడ్డ పట్టుకుని. ఫ్రేములో పడుతున్నారు పెద్దమ్మా.”

నూకరత్నం గట్టు దారి పట్టింది. అక్కడికి వచ్చాక ఎవరికీ ఈ మాట చెప్పలేదు. మరిది వీరబాబుకి చెబితే మధ్యాహ్నానికల్లా క్యాంపు మీదకి వెళ్ళి గొడవ పెట్టుకుంటాడు. తెల్లారి తనే వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడైనా సరే గేటు తీయించుకుందామనుకుంది.

*

తెల్లారి పడవలు ఎప్పటిలాగే వెళ్ళిపోయాయి. నూకరత్నం గేటు దగ్గరికి వచ్చేసరికి తాళం వేసి ఉంది. లోపల కుర్చీలో ఉన్న సెక్యూరిటీ ఆయన లేవకుండానే చెయ్యి ఊపాడు.

“సార్ పైకెళ్ళారమ్మా, గెస్టుల్ని తీసుకుని. దిగొచ్చాక అడుగు.”

“మా పడవలు నీళ్ళ మీదున్నాయయ్యా. ఒక్క పావుగంట. ఎవరికీ అడ్డం రాను, ఓ పక్కన నించుంటాను.”

“తాళంచెవి నా దగ్గర లేదు.”

గేటు తప్పిస్తే ఇంకో దారి లేదు. నీళ్ళ వైపంతా నిలువు కోత, ఈ వైపంతా కంచె. నూకరత్నం గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. ఈ ఆరేళ్ళలో పడవలు నీళ్ళ మీద ఉండగా వాటిని చూడకుండా ఆమె ఉన్నది ఇదే మొదటిసారి. ఆకాశం తెల్లబడుతోంది. ఇప్పుడు పొన్న రేవు దాటి ఉంటారు. ఇప్పుడు తెడ్లు పైకి తీసి, తలలెత్తి చూస్తూ ఉంటారు. నేను కనపడకపోతే ఆగుతారు. అంతే, ఈ పూటకి వల ఉండదు. అంతకంటే ఏం కాదు. ఆమె తనకి తను చెప్పుకుంది.

పైనుంచి తుమ్మెద రొదలాంటి మోత వినిపించింది. డ్రోన్. తర్వాత ఇరవై మంది ఒక్కసారి “ఓ...” అని కేక వేశారు. నవ్వులు. మళ్ళీ కేక. 

కాసేపటికి కొండ అవతలి నుంచి ఇంకో రకం అరుపు గాలిలో తేలి వచ్చింది. అది మాత్రం ఆమె పోల్చుకుంది. కొండ చుట్టి గట్టు చేరడానికి పదినిమిషాల నడక. అరవై రెండేళ్ళ మనిషి చీర మోకాళ్ళపైకి దోపుకుని పరుగెత్తింది.

ఐదు పడవలూ ఒకేచోట గుమిగూడి ఉన్నాయి, జీడితోట మీద. నీళ్ళ మీద వల బెండ్లు వంకర తిరిగి, సగం మునిగి కనిపిస్తున్నాయి. పెద్దాయన బుల్లియ్య పడవ అంచున బోర్లా పడుకుని నీళ్ళలోకి చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. నూకరత్నం తలలు లెక్కపెట్టింది. ఒక తల తక్కువ వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది.

అప్పుడు బెండ్ల మధ్య నుంచి వీరబాబు తల లేచింది. నోట్లో కత్తి, భుజం చుట్టూ వల పోగులు. బుల్లియ్య జుట్టు పట్టుకుని పడవలోకి లాగాడు.

గట్టుకి తెచ్చేసరికి అతని కుడి అరచెయ్యి అడ్డంగా తెగి లోపలి తెలుపు కనిపిస్తోంది. వల మోళ్ళకి చుట్టుకుపోతే కోయడానికి దిగాడట. కాలికి పోగులు పడి అడుగునే ఉండిపోయాడట. సగం వలే పైకొచ్చింది.

నూకరత్నం చెంగు చింపి చేతికి గట్టిగా చుడుతుంటే అతను ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు. అయోమయం.

“నువ్వే కదా వదినా చేతులెత్తావు?”

“నేను కాదురా.”

“చూపురాయి మీద చీర కట్టుకున్న మనిషి. రెండు చేతులూ పైకెత్తి అలాగే నించున్నావు. మోళ్ళ మీదున్నాం కదా అని బుల్లియ్య మావయ్య ఓ పక్క అంటానే ఉన్నాడు. వదిన ఎత్తింది, వేసేయండని నేనే అన్నాను.”

“గేటు వేసేశారు. నిన్ననే చెప్పాడు వాడు. నేనే మీకు చెప్పలేదు.”

ఆమె వేళ్ళు గుడ్డ చుడుతూనే ఉన్నాయి, కావలసిన దానికంటే నాలుగు చుట్లు ఎక్కువ.

*

చేతికి పదకొండు కుట్లు వేయించి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. నూకరత్నం, వీరబాబు, బుల్లియ్య ముగ్గురూ తిన్నగా క్యాంపుకి వెళ్ళారు. గెస్టులు గుడారాల నీడలో టీ తాగుతున్నారు. ఉదయభాస్కర్ కుర్చీలు వేయించాడు గానీ ఎవరూ కూర్చోలేదు.

బుల్లియ్య జరిగింది చెప్పాడు. నెమ్మదిగా, గౌరవంగానే చెప్పాడు. ఉదయభాస్కర్ అంతా విని కనుబొమలు ఎగరేశాడు.

“మా గెస్టులు వీడియో కోసం చేతులెత్తితే మీరు వల వేసేస్తారా? రేపు ఎవరో సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటారు. దానికి కూడా మాదేనా పూచీ?”

“ఆ రాయి మీదకి మేం తప్ప ఎవరూ ఎక్కరండి.”

“ఎవరి రాయండీ అది? మీ దగ్గర కాయితం ఉందా? మా దగ్గరుంది.”

“కొండకి మీ దగ్గర కాయితం ఉంది,” అంది నూకరత్నం. “మనిషి నీళ్ళలో పడిపోతే ఆ కాయితం పట్టుకు తేలతాడా? ముందురోజే చెప్పాను కదండి, మాకు చేప కావాలని. పైన నాకేం పనో ఒక్క మాట అడిగారా మీరు?”

“పెద్దమ్మా, అరవకండి. గెస్టులున్నారు.”

ఆమె అరవలేదు. గొంతు వణికింది, అంతే. అతనికి అది అరుపులా వినిపించింది. చెయ్యి తెగినవాడు ఎదురుగా ఉంటే అతనికి టీ తాగుతున్న వాళ్ళ ప్రశాంతత గురించి బెంగ.

గెస్టుల్లోంచి ఒకావిడ గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చింది. అరవై దాటిన మనిషి, తెల్లటి నేతచీర, కాళ్ళకి మాత్రం కొత్త బూట్లు. సీతారామలక్ష్మి అని, రాజమండ్రిలో టీచరుగా చేసి రిటైరైన ఆవిడ.

“ఆ రాయి మీద నించున్నది నేనేనండీ. అందరికంటే ముందు నన్నే నిలబెట్టి చేతులెత్తమన్నారు. ఎత్తాను.” ఆవిడ వీరబాబు కట్టు వైపు చూసింది. “కింద పడవలు కనిపించాయి కూడా. మాకు చెయ్యి ఊపుతున్నారేమో అనుకున్నాను.”

“మేడమ్, మీరు కంగారుపడకండి, మీకేం సంబంధం లేదు,” అన్నాడు ఉదయభాస్కర్.

“నా చేతులు కదండీ.”

ఆవిడ భర్త వచ్చి భుజం పట్టుకుని, బీపీ పెరుగుతుంది రమ్మంటూ పక్క గుడారంలోకి తీసుకుపోయాడు. ఉదయభాస్కర్ వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, ఈసారి మర్యాదగా ముందుకు వంగాడు. అతని మొహంలో వేరే వెలుగు వచ్చింది.

“అంటే ఆవిడ చేతులెత్తితే, అంత కింద వాళ్ళు వల వేస్తారన్నమాట. ఇది ముందే చెప్పొద్దూ! జనం పడి చస్తారు దీనికి. రేపట్నుంచి పెద్దమ్మ మాతోపాటే పైకి రండి. గేటు బాధ లేదు. టీషర్టు ఇస్తాం, కార్డు ఇస్తాం. గెస్టులు అడిగినప్పుడు మీరు చేతులెత్తుతారు, కింద వీళ్ళు వల వేస్తారు, వాళ్ళు వీడియో తీసుకుంటారు.”

“మంద లేకపోతేనండి?” అన్నాడు బుల్లియ్య.

“లేకపోయినా వెయ్యండి. వలేగా.”

“మోళ్ళుంటే?”

“అబ్బ, చూసుకుని వెయ్యండి మరి.”

బుల్లియ్య పక్కకి తిరిగి ఉమ్మేశాడు. వీరబాబు నేల చూస్తూ, “ఎక్కనిస్తారు కదా వదినా,” అన్నాడు లోగొంతుకతో. ఎక్కకపోతే ఐదు గుడిసెలూ ఎత్తుకుని మళ్ళీ ఎక్కడికో పోవాలి. అతనికి తెలుసు, ఆమెకీ తెలుసు. ఎదురుగా ఉన్నవాడికి మరీ బాగా తెలుసు.

నూకరత్నం ఉదయభాస్కర్ చేతుల వైపు చూసింది. శుభ్రమైన చేతులు.

“చేతులెత్తాలి. అంతేనాండి?”

“అంతే పెద్దమ్మా. ఎప్పుడెత్తమంటే అప్పుడు.”

“మధ్యలో కూర్చోవచ్చాండి? మోకాళ్ళు నెప్పులు.”

“కూర్చోండి. మేమేమైనా రాక్షసులమా?”

బయటికి వచ్చాక బుల్లియ్య ఆమెని దాటి ముందు నడిచాడు. “అక్కడ కోతిని ఆడించినట్టు ఆడిస్తాడు నిన్ను. ఆడు,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఇంకా వెలుతురు ఉండగానే గట్టు మీద మిగిలిన సగం వల పరిచారు. ఐదు ఇళ్ళవాళ్ళూ చుట్టూ కూర్చుని, వల సూదులతో కన్ను కన్నుకీ దారం వేస్తున్నారు. ముడి బిగించి పంటితో దారం కొరుకుతున్నారు, మళ్ళీ సూది తిప్పుతున్నారు. నూకరత్నం వల మధ్యకి వచ్చి కూర్చుంది. పైనుంచి చేసే సైగల గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. మొదట బుల్లియ్య తల ఎత్తలేదు. తర్వాత సూది ఆపాడు. వీరబాబు ఒకసారి మధ్యలో అడ్డం వచ్చాడు, రెండోసారి నవ్వాడు.

“ఆరేళ్ళ అలవాటు. కళ్ళు వినవు వదినా,” అన్నాడు.

“చెయ్యి తెగినా వినవట్రా నీ కళ్ళు?” అన్నాడు బుల్లియ్య, మళ్ళీ సూది అందుకుంటూ.

*

మర్నాడు గేటు తాళం ఆమె కోసం తీశారు. చీర మీదుగా పచ్చ టీషర్టు తొడిగి, మెళ్ళో కార్డు వేశారు. గెస్టులు ముందు, ఆమె వెనక. బిలం దగ్గర అందరూ ఆగి లోపలికి కేకలు వేసి ప్రతిధ్వని విన్నారు. కొండ వెన్ను మీద ఇద్దరు చేతులతో పాకారు. సీతారామలక్ష్మి రాళ్ళు పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తుంటే, నూకరత్నం ఎక్కడ కాలు పెట్టాలో తన కాలు పెట్టి చూపించింది.

పైన గాలి చల్లగా ఉంది. నీళ్ళ మీద ఐదు పడవలు. రాత్రంతా కుట్టిన వల రెండు పడవల మధ్య కుప్పగా ఉంది.

“ఇప్పుడు చూడండి,” అన్నాడు ఉదయభాస్కర్ గెస్టులతో. “పెద్దమ్మ ఇలా చేతులెత్తగానే అక్కడ వాళ్ళు వల వేస్తారు. ఇక్కడి వాళ్ళ సంప్రదాయం. ఫోన్లు రెడీగా పెట్టుకోండి. పెద్దమ్మా, కానివ్వండి.”

నూకరత్నం చూపురాయి మీదకి వెళ్ళి రెండు చేతులూ పైకెత్తింది.

ఇరవై ఫోన్లు లేచాయి. కింద పడవలు కదల్లేదు.

“ఇంకాస్త పైకి పెద్దమ్మా.”

ఇంకాస్త పైకి ఎత్తింది. పడవలు నీళ్ళ మీద ఆకుల్లా ఉన్నచోటనే ఉన్నాయి. ఒకతను, సిగ్నల్ అందట్లేదేమో టవర్ వేయించండి అన్నాడు. అందరూ నవ్వారు. మూడోసారి ఎత్తించారు. ఉదయభాస్కర్ మొహం ఎర్రబడింది.

“ఏంటిది? నిన్న వేశారుగా?”

“మంద లేదేమో బాబూ,” అంది ఆమె, చేతులు దించకుండా. ఆ మాట అప్పటికి నిజమే.

గెస్టులకి విసుగొచ్చింది. నీళ్ళకి వీపులు పెట్టి, వరసగా నిలబడి గ్రూప్ ఫొటో దిగడం మొదలుపెట్టారు. అప్పుడు కనిపించింది ఆమెకి. తూర్పు గట్టుకి కాస్త ఇవతల నీరు కందుతోంది. మచ్చ పెద్దదవుతోంది. కింద మోళ్ళు లేవు. నూకరత్నం రాయి మీద నాలుగు అడుగులు ఎడమకి నడిచింది. ఐదు పడవలూ ఎడమకి జరిగాయి. ఇంకో రెండు అడుగులు. పడవలు ఇంకొంచెం జరిగాయి. కళ్ళు వింటాయా? వీరబాబు ముందుపడవలో ఒంటిచేత్తో తెడ్డు పట్టుకుని తలెత్తి చూస్తున్నాడు.

ఆమె కూర్చుంది.

నిన్నటి దాకా ఆగమని చెప్పిన కూర్చోవడం. ఒక ఊపిరి తీసినంతసేపు కింద ఏమీ కాలేదు. తర్వాత రెండు పడవలు విడిపోయి చెరో వైపూ తిరిగాయి. వాటి వెనక బెండ్లు ఒక్కొక్కటే నీళ్ళలో పడుతూ తెల్లటి గీత గీస్తున్నాయి.

రెండు కొసలూ కలిసేదాకా ఆమె లేవకూడదు. లేస్తే వల వదిలేయమని గుర్తు.

“పెద్దమ్మా, లేవండి,” అన్నాడు ఉదయభాస్కర్. అతని వీపు నీళ్ళ వైపే ఉంది. “అందరూ ఫొటోలో ఉన్నారు. వెనకాల మీరు చేతులెత్తి నించోవాలి. ఆ ఒక్కటీ అయినా చెయ్యండి.”

“మోకాళ్ళు బాబూ. రెండు నిమిషాలు.”

“ఎక్కించింది కూర్చోబెట్టడానికా?” అతను వచ్చి ఆమె జబ్బ పట్టుకున్నాడు. “లేవండి, లేవండి.”

లాగితే శరీరం సగం లేచింది. ఆమె రాతి అంచుని రెండో చేత్తో పట్టుకుంది. సున్నపురాయి అరచేతిలో దిగింది. కింద గీత సగం వంపు దాకా వచ్చి ఉంది.

ఫొటో వరసలో చివర ఉన్న సీతారామలక్ష్మి ఒక్కతే ఇటు తిరిగి ఉంది. ఆవిడ మొదట నీళ్ళ వైపు చూసింది. ఒంగుతున్న తెల్లగీతని చూసింది. రాతిని పట్టుకున్న చేతిని చూసింది. వరస విడిచి వచ్చింది.

“చెయ్యి తియ్యండి ఆవిడ మీంచి.”

“మేడమ్, మీకు తెలీదు...”

“కూర్చోవచ్చని నిన్న మీరే చెప్పారు కదండీ, గుడారంలోంచి నేను విన్నాను. నలభై ఏళ్ళు నించుని పాఠాలు చెప్పినదాన్ని, మోకాళ్ళ సంగతి మీకంటే నాకు తెలుసు. తియ్యండి.”

అతను తీశాడు. ఆవిడ చూపురాయి మీదకి రాలేదు. నిన్న నిలబడిన ఆ చోటు నుంచి రెండడుగులు వెనక్కే ఆగి, పదునైన బండ మీద కష్టపడి కూర్చుంది. ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుంటే మనమేం చేస్తామన్నట్టు ఉదయభాస్కర్ ఫొటోవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

కొంతసేపటికి సీతారామలక్ష్మి చాలా నెమ్మదిగా అడిగింది. “ఇంకెంతసేపు కూర్చోవాలమ్మా మీరు?”

నూకరత్నం ఆవిడ వైపు తిరగలేదు. కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. “అదుగో, ఆ రెండూ కలిసేదాకా.”

“సరే. అతను వస్తే నేను మాట్లాడతాను.”

గీత దగ్గరపడింది. ఇంకా దగ్గరపడింది. రెండు పడవల ముక్కులు ఒకదానికొకటి ఆనాయి. గుండ్రటి తెల్లగీత మధ్యలో నీళ్ళు ఒక్కసారిగా ఉడికినట్టు పొంగాయి. ఐదు పడవల మనుషులూ వంగి తాళ్ళు అందుకున్నారు. ఆమె తలలు లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి.

అప్పుడు నూకరత్నం లేచింది. కోసుకుపోయిన అరచేతిని టీషర్టుకి తుడుచుకుని, ఫొటోవాళ్ళ వైపు తిరిగి పిలిచింది.

“రండి బాబూ, ఎత్తుతాను. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఎత్తుతాను.”

వాళ్ళు ఉత్సాహంగా వచ్చారు. ఆమె రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి నిలబడింది. ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి. ఇంకోసారి అంటే ఇంకోసారి ఎత్తింది. ఉదయభాస్కర్ నవ్వమంటే నవ్వింది. కింద మగవాళ్ళు వల లాగుతూనే ఉన్నారు. ఒక్కడూ తల ఎత్తలేదు.